రుస్తాఖ్‌లో నల్లబడిన గుడ్లు

పోయిన మంగళవారం పొద్దున మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మ పోయింది" అంది.

ఆ అమ్మాయిని కన్నదాన్ని నేను. డెబ్బయ్యెనిమిదేళ్ళ దాన్ని, ఒక చేత్తో ఫోనూ ఇంకో చేత్తో కాఫీ గ్లాసూ పట్టుకుని నిక్షేపంగా బతికే ఉన్నాను. అయినా ఆ మాట నాకు విడ్డూరంగా తోచలేదు. ఏ అమ్మ పోయిందో వెంటనే తెలిసింది. పోయింది మా వదిన. మా ఆయనకి పెద్దక్క, మా అమ్మాయికి మేనత్త, నాకు ఆడపడుచు. తొంభై దాటింది. పదిహేనేళ్ళుగా మా అమ్మాయి దగ్గరే గుడివాడలో ఉంటోంది.

"ఎట్లా పోయింది?" అన్నాను.

"నిద్రలోనే. ఆరింటికి టీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదు."

"ఆసుపత్రికేం తిప్పలేదుగా? గొట్టాలేం పెట్టించలేదుగా?"

"లేదమ్మా."

"సరే, బయల్దేరుతున్నా" అని ఫోను పెట్టేసి, కాఫీ చల్లారకుండా తాగేశాను. ఇది చదివి నన్ను రాతి గుండెదాన్నని అనుకునేవాళ్ళు అనుకోండి. నలభయ్యేళ్ళు నర్సు ఉద్యోగం చేశాను. మనుషులు ఎన్ని రకాలుగా పోతారో చూశాను. నిద్రలో, సొంత దుప్పటి కింద, పక్క గదిలో మనవాళ్ళు ఉండగా పోవడం ఎంత అరుదో నాకు తెలుసు. బాధ లేదని కాదు. కాని ఆ పూట ముందుగా వచ్చింది ఊరట. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అదే చెప్పబోతున్నాను.

గుడివాడ చేరేసరికి స్త్రీల సమాజం వాళ్ళు వదినకి తెల్లచీర కట్టేశారు. పెట్టెలో పెట్టే ముందు చేతులకి తెల్ల తొడుగులు వేయడం మా సంఘంలో అలవాటు. ఒకావిడ తొడుగులు విప్పి పట్టుకుంది. మా అమ్మాయి అడ్డం వచ్చింది.

"తొడుగులు వద్దండి."

"అదేంటమ్మా, అందరికీ వేస్తాంగా? బాగుంటుంది."

"ఆ చేతులు కనపడాలి."

ఆవిడ నా వంక చూసింది, పెద్దదాన్ని గనక సర్దిచెప్తానని. "ఆవిడ దాని అమ్మ. అది చెప్పినట్టే కానివ్వండి" అన్నాను. ఆవిడ ముఖం చూడాల్సింది. పాస్టరుగారు దగ్గి పాటల పుస్తకం తెరిచారు.

ఆ చేతుల సంగతి ముందు చెప్పాలి. మా వదిన బందరు దగ్గర అద్దకం పనిలో పెరిగింది. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టడం, పటిక పట్టించడం, కాలవలో జాడించడం, రంగు కాచడం ఆమె పని. తుప్పు ఇనుమూ బెల్లమూ కుండలో మురగబెట్టి నల్లరంగు తయారు చేస్తారు. అది చేతికంటితే వదలదు. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆ కుండలో చేతులు పెట్టిందేమో, ఆమె వేళ్ళ చివరలూ గోళ్ళ అంచులూ ఎప్పుడూ సిరా బుడ్డిలో ముంచినట్టు ఉండేవి. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోయాడు. పిల్లల్లేరు. చదువు అయిదో తరగతి. నేను బి.ఎస్సీ. నర్సింగ్. ఈ తేడా ఆ రోజుల్లో నాకు చాలా పెద్దదిగా కనపడేదని ఒప్పుకుంటున్నాను.

డెబ్బైల మొదట్లో నాకు ఒమన్‌లో ఉద్యోగం వచ్చింది. పాపకి అప్పటికి పది నెలలు. పాపని వదిన చేతుల్లో పెట్టి విమానం ఎక్కాను. రెండేళ్ళని వెళ్ళాను, ఐదేళ్ళయింది. మధ్యలో ఒక్కసారి నెల సెలవు మీద వస్తే పాప నన్ను చూసి మంచం కింద దూరింది. మా ఆయన నా వెనకే వచ్చి ఒక రోడ్ల కంపెనీలో స్టోర్ కీపరుగా చేరాడు. సైటు దగ్గర రూములో ఉండి గురువారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు, శుక్రవారం సాయంత్రం వెళ్ళేవాడు. నేను రుస్తాఖ్ అనే ఊళ్ళో ఆసుపత్రి క్వార్టర్సులో ఉండేదాన్ని. రెండు గదులు, ఒక కిరోసిన్ స్టవ్వు, వెనక ఖర్జూరపు తోట, తోటకి నీళ్ళు మోసుకుపోయే ఫలజ్ కాలవ.

పాపకి ఐదో ఏడు నిండాక ఇక మా దగ్గరికి తెచ్చుకోవాలనుకున్నాం. ఒంటరిగా ఎలా వస్తుంది? వదినకి మూడు నెలల విజిట్ వీసా తీయించాం. వచ్చి, పాపని మాకు అలవాటు చేసి, తను తిరిగి వెళ్ళాలి. చెప్పుకోవడానికి చాలా తేలికైన ఏర్పాటు.

సీబ్ విమానాశ్రయంలో పాప వదిన చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. నేను డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాను, తెల్ల యూనిఫారంలోనే.

"ఎవరో చెప్పు చూద్దాం?" అంది వదిన.

పాప నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఫొటోలో చూసిన ముఖమే. "నర్సమ్మ" అంది. తర్వాత వదిన చెవిలో, నాకు స్పష్టంగా వినపడేటట్టు, "అమ్మా, సూది పొడుచుద్దా?" అంది.

అదీ నా బిడ్డ నాతో ఆడిన మొదటి మాట. నాతో కూడా కాదు, నా గురించి.

రెండు నెలలు గడిచినా నేను నర్సమ్మనే. అన్నం పెడితే తినేది, తలకి నూనె రాయబోతే కళ్ళు గట్టిగా మూసుకుని భరించేది, దెబ్బ తగిలితే మాత్రం "అమ్మా" అని వదిన దగ్గరికి పరిగెత్తేది. నిద్రపోయేటప్పుడు వదిన చూపుడువేలు పట్టుకుని, ఆ నల్లటి గోరుని బొటనవేలితో రుద్దుకుంటూ పడుకునేది. నా చేతులు డెట్టాల్ వాసన. ఒక్కసారి నా వేలు ఇచ్చి చూశాను. పట్టుకుని, కళ్ళు తెరిచి, గోరు చూసి, వదిలేసింది.

పాప బట్టల కోసం నేనొక చిన్న బీరువా కొన్నాను. అది ఖాళీగానే ఉండేది. గౌన్లన్నీ వదిన తన ట్రంకుపెట్టెలో తన చీరల మధ్యే మడత పెట్టేది.  పైగా మా ఆయన, ముందుజాగ్రత్త మనిషి కదా, వదిన తిరుగు ప్రయాణానికి టిక్కెట్లు రెండు తెచ్చాడు.

"రెండోది ఎవరికి?" అన్నాను.

"ఈస్టర్ దాకా చూద్దాం. అప్పటికీ పాప కుదురుకోకపోతే అక్కతో పంపిద్దాం. పసిదాన్ని ఏడిపించి ఉంచలేంగా."

 ఆ టిక్కెట్టు నా యూనిఫారాల కింద పెట్టాను. రోజూ పొద్దున యూనిఫారం తీస్తే కనపడేది. ఈస్టర్ తర్వాత బుధవారం ప్రయాణం.

నా బాధ వదినకి చెప్పానా? చెప్పలేదు. నాకు నోరుంది గాని అది కావలసిన చోట పనిచేయదు. ఒకసారి మాత్రం తనే అంది, ఫలజ్ గట్టు మీద బట్టలు జాడిస్తూ. ఆ పారే నీళ్ళంటే ఆమెకి ప్రాణం. "ఇట్లాంటి నీళ్ళుంటే ఇక్కడే అద్దకం పెట్టొచ్చే" అనేది. ఆ రోజు బట్ట పిండుతూ, "రంగు పెడతా పెడతా అంటన్నావు గాని, నువ్వు పిల్లకి ఇంకా కరక్కాయ పెట్టలేదే. కరక్కాయ పట్టని గుడ్డకి రంగెట్లా అంటుద్ది?" అంది.

"నాకు మీ అద్దకం భాష రాదు వదినా" అని లోపలికి వచ్చేశాను.

ఇక గుడ్ల సంగతి. ఆసుపత్రి ఫార్మసీ చూసే ఆయన భార్య లెబనాన్ మనిషి. మాలాగే క్రైస్తవులు. ఈస్టర్ ఆదివారం తెల్లవారగానే వాళ్ళ డాబా మీద ప్రార్థన పెట్టుకుందామంది. ఆదివారం అక్కడ పనిదినం గనక ఏడింటికి డ్యూటీలో ఉండాలి. ప్రార్థన అయ్యాక పిల్లలు రంగు గుడ్లు ఒకదానికొకటి కొట్టి ఆడతారట. ఎవరి గుడ్డు పగలకపోతే వాళ్ళు గెలిచినట్టు. కాబట్టి ఇంటికి రెండు డజన్ల గుడ్లు ఉడకబెట్టి రంగు వేసి తీసుకురావాలంది.

మాకిది కొత్త. మా వైపు ఈస్టర్ అంటే తెల్లవారుజామున సమాధుల తోటకి పాటలు పాడుకుంటూ వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి రావడం. గుడ్ల ప్రసక్తి లేదు. వదిన ముక్కు మీద వేలేసుకుంది.

"తినేదానికి రంగెందుకే?"

"ఆడుకోడానికి."

"తిండితో ఆటలా?" అంటూనే నా చేతిలో గుడ్డు లాక్కుని వెలుతురుకి పట్టి చూసింది. గోటితో గీకింది. నాలుక చివర తాకించి చూసింది. "సున్నం" అంది. "పుల్లటిది ఏదన్నా తగిల్తే గరుకు తేలుద్ది. అప్పుడు రంగు పట్టుద్ది. పర్లేదు, చెయ్యొచ్చు." రెండు నెలల్లో ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

రంగుల డబ్బాలు కొందామంటే రుస్తాఖ్ బజారులో అలాంటివి లేవు. ఉన్నా ఆమె కొననిచ్చేది కాదు. ఆసుపత్రి వంటగది నుంచి ఎర్ర ఉల్లిపాయల పొట్టు బస్తాడు తెప్పించింది. క్షౌరం చేసే పాకిస్తానీ ఆయన్ని అడిగి పటిక ముక్క తెమ్మని నన్ను పంపింది. సంచీలో నుంచి కరక్కాయలు తీసింది. దగ్గుకని బందరు నుంచి తెచ్చుకున్నవి. రోలు లేకపోతే ఇస్త్రీపెట్టెతో చితక్కొట్టింది. లెబనాన్ ఆవిడ చూడ్డానికి వచ్చింది. ఆవిడ అరబ్బీలో, ఈవిడ తెలుగులో గంటసేపు మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క నన్ను తర్జుమా చేయమనలేదు. ఉల్లిపొట్టు చూపించి ఇద్దరూ తల ఊపుకున్నారు.

పాపకి పసుపురంగు గుడ్లు కావాలి. "కోడిపిల్ల రంగు" అంది. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పటిక వేసి కాస్తే ఆ రంగు వస్తుందని వదిన చెప్పింది. ఒక డజను ఎరుపు, ఒక డజను పసుపు. శనివారం మధ్యాహ్నం ముహూర్తం. నేను డ్యూటీ దిగి యూనిఫారంతోనే వచ్చేసరికి వదిన ఉల్లిపొట్టు గిన్నె స్టవ్వు మీద పెట్టి కూర్చుంది. పాప ఆమె వీపుకి ఆనుకుని ఉంది.

"ఎరుపు నేను చూసుకుంటా. కోడిపిల్ల రంగు నువ్వు చెయ్యి, దాని కోసం" అంది వదిన. "పొద్దుటి నుంచి కరక్కాయ నీళ్ళలో ఉన్నయ్యి. ఈ గిన్నె ఖాళీ అయిందాకా ఆగు. ఇనుముకి మాత్రం తగలనీకు."

మాకు పెద్ద అల్యూమినియం గిన్నె ఒక్కటే. ఉల్లిపొట్టు పని తెమలడానికి గంట పట్టేటట్టుంది. రంగు తొందరపెడితే అంటదని వదిన ఎప్పుడూ అనేది. నాకేమో పొద్దున అయిదింటి నుంచి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. పాప నా వంక చూస్తోంది. ఐదేళ్ళలో మొదటిసారి నేను దానికేదో చేసిపెట్టబోతున్నాను. గంట ఆగలేకపోయాను. వదిన గిన్నెలో కలుపుతోంది. గోడకి వేలాడే ఇనప మూకుడు తీసి, పన్నెండు గుడ్లనీ కరక్కాయ నీళ్ళతో సహా అందులో పోసి, స్టవ్వు రెండో పొయ్యి మీద పెట్టాను. వదిన తల తిప్పి చూసిందో లేదో నేను గమనించలేదు.

ఇనుమూ కరక్కాయలో ఉండే టానినూ కలిస్తే ఏమవుతుందో నేను కెమిస్ట్రీ లాబ్‌లో పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అది చదువు. చదువు వంటింట్లోకి నాతో రాలేదు. ఇనుము తగలనీకని వదిన అన్న మాటా చెవికెక్కలేదు.

పది నిమిషాల్లో నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. గాభరా పడి చేతులతో గుడ్లు తీయబోయాను. కాలింది. మూకుడు ఒరిగి యూనిఫారం మీద చిందింది. బయటికి వచ్చినవి వచ్చినట్టు గుడ్లు నల్లగా, బొగ్గుల్లా ఉన్నాయి. ఈస్టర్ సంగతి దేవుడెరుగు, సిలువ వేసిన మంచి శుక్రవారం కూడా అంత నలుపుండదు.

పాప చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. "నర్సమ్మ నా కోడిపిల్లల్ని మాడ్చేసింది!" అని ఏడుస్తూ వదిన ఒళ్ళో ముఖం దాచుకుంది. వదిన దాని వీపు నిమిరింది.

అక్కడ నాకు తిక్క రేగింది. రెండు నెలలుగా నోట్లో నానుతున్న మాట బయటికి వచ్చేసింది. "సంతోషమేనా వదినా? మీకు కావలసిందిదేగా? మీకు పిల్లల్లేరు గనక నా పిల్లని లాక్కుంటున్నారు. గౌన్లన్నీ అప్పుడే పెట్టెలో సర్దేశారుగా. తీసుకెళ్ళండి, టిక్కెట్టు కూడా ఉంది!"

అంత కోపంలోనూ 'మీరు' అనే అన్నాను. మా పెంపకం అలాంటిది. కత్తి తీసినా ఒరకి బొట్టు పెట్టి తీస్తాం.

వదిన ఎర్ర గుడ్లని ఒక్కొక్కటే చిల్లుల గరిటెతో తీసి తువ్వాలు మీద పెట్టింది. స్టవ్వు ఆర్పింది. పాపని ఒళ్ళో నుంచి దింపింది. "నాకు తలకాయ నొప్పిగా ఉంది, పడుకుంటా. మీ గుడ్లు మీరు చూసుకోండి" అని రెండో గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పాప తలుపు కొట్టింది. తీయలేదు. పాప ఏడుపు ఆగిపోయింది, ఆశ్చర్యంతో. ఆ తలుపు ఎప్పుడూ అలా మూసుకుని ఉండటం దానికి తెలియదు.

ఇక వంటింట్లో నేనూ, పాపా, పన్నెండు నల్ల గుడ్లూ.

ఏం చేయాలో తెలియక ఒక గుడ్డు తీసుకుని గోటితో గీకాను. తెల్లటి గీత పడింది. అప్పుడు గుర్తొచ్చింది. ముళ్ళు తీయడానికని మొద్దుబారిన ఇంజక్షన్ సూది ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని తెచ్చేసరికి పాప గోడకి అతుక్కుపోయింది.

"నీకు కాదు. గుడ్డుకి" అన్నాను.

నేల మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాను. చేప గీయబోతే తోక బాగానే వచ్చింది, తల వంకాయలా వచ్చింది. ఐదు నిమిషాలకి గోడ దగ్గర్నుంచి గొంతు వచ్చింది.

"గుడ్డుకి జొరమా?"

"అవును. ఒళ్ళంతా ఎట్లా నల్లబడిందో చూడు."

"సూదేస్తే ఏడుస్తదా?"

"ఇది ఏడవలేదు. రెండోది ఏడ్చేటట్టుంది. నువ్వు పట్టుకుంటావా? నర్సులకి ఎవరో ఒకరు పట్టుకోవాలి."

వచ్చింది. మొదట ఎదురుగా కూర్చుంది. తర్వాత పక్కన. తర్వాత, "నేను పొడుస్తా" అంది. చిన్న చేతికి సూది కుదరలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి నా చేతిలో పెట్టుకుని గీయించాను. కోడిపిల్ల గీద్దామంది. రెండు సున్నాలు, ఒక ముక్కు, రెండు పుల్లల కాళ్ళు. నల్ల గుడ్డు మీద తెల్ల కోడిపిల్ల. వెనక్కి వాలి నా ఛాతీకి వీపు ఆనించింది. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను, ఎక్కడ లేచిపోతుందోనని.

గీస్తూ గీస్తూ ఆగి, నా చేతిని తిప్పి చూసింది. కరక్కాయ నీళ్ళలో చేతులు పెట్టి, మూకుడు పట్టుకుని, గుడ్లు తీసి, నా వేళ్ళ చివరలూ గోళ్ళూ నల్లగా అయిపోయాయి. తన వేళ్ళు చూసుకుంది. అవీ నలుపే. మళ్ళీ నావి చూసింది. బొటనవేలితో నా గోరు రుద్దింది.

"పోదా?" అంది.

"పోదు."

"అమ్మ చేతులు కూడా పోవు" అని, గుడ్డు వైపు తిరిగి, "దీనికి తోక పెట్టు" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా డాబా మీద ప్రార్థన. చేతులు ఎంత తోమినా నలుపు పోలేదు. ఎక్కువ తోమలేదనుకోండి. లెబనాన్ ఆవిడ మా పళ్ళెం మీదికి వంగింది. ఎర్రటి గుడ్ల పక్కన నల్లటి గుడ్లు, వాటి మీద చేపలో వంకాయలో తెలియని బొమ్మలు. తర్వాత ఒకటి తీసి చూసి పకపక నవ్వింది. పిల్లలందరూ నల్లవే కావాలని ఎగబడ్డారు.

ఆట మొదలైంది. పాప తన కోడిపిల్ల గుడ్డు పట్టుకుని వరసగా అందరి గుడ్లూ పగలగొట్టుకుంటూ పోయింది. చివరికి ఒక పెద్దపిల్లవాడి గుడ్డు కూడా చిట్లింది. పాప తన గుడ్డు పైకెత్తి, "అమ్మా! నాది పగల్లేదు!" అని అరిచింది.

ఇద్దరం తలెత్తాం. నేను డాబా ఈ చివర, వదిన ఆ చివర. వదిన వెంటనే తల దించేసుకుంది. ఊడని చెప్పు పట్టీని వంగి బిగించుకుంటోంది. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది, నా వైపు. వచ్చి గుడ్డు నా చేతిలో పెట్టింది.

ఏడింటికి డ్యూటీలో ఉన్నాను. మేట్రన్ నా గోళ్ళు చూసి అందరి ముందూ గడ్డి పెట్టింది. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా తిట్లు తిన్న రోజు ఇంకోటి లేదు.

ఆ తర్వాత పాప మా ఇద్దరినీ అమ్మ అనేది. నాకేం లోటు కాలేదు. కాని నేనన్న మాట అక్కడే ఉండిపోయింది. ఆ మాటకి నేను క్షమాపణ అడగలేదు, ఆమె ఎత్తలేదు. తర్వాత నలభై ఏళ్ళ పైగా పెళ్ళిళ్ళకి కలిశాం, చావులకి కలిశాం, ఒక గదిలో పడుకున్నాం. మా ఆయన పోయినప్పుడు నెల రోజులు నా పక్కనే ఉండి నాకు అన్నం కలిపి పెట్టింది. ప్రతిసారీ అడుగుదామనుకున్నాను, ప్రతిసారీ వేరే ఏదో వెటకారం బయటికి వచ్చింది. చెప్పాగా, నా నోరు కావలసిన చోట పనిచేయదు.

పోయిన క్రిస్మస్‌కి గుడివాడ వెళ్ళాను. వదిన మంచం దిగడం మానేసి అప్పటికి ఆరు నెలలు. మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం.

"వదినా, రుస్తాఖ్‌లో మిమ్మల్నొక మాటన్నాను" అన్నాను.

"ఒకటేవిటే? నీ నోరు ఊరుకుంటేగా."

"గుడ్ల రోజున."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"పిల్లని లాక్కుంటన్నానన్నావు" అంది. "అబద్ధం కాదుగా. లాక్కుపోదామనే వచ్చా. మొదటి నెలంతా అదే ఆలోచన. గౌన్లు పెట్టెలో పెట్టింది అందుకే."

నాకు నోట మాట రాలేదు. ఇది చరిత్రలో నమోదు కావలసిన సంగతి.

"నువ్వు డ్యూటీ దిగొచ్చేదానివి. పిల్ల పగటి నిద్దరలో ఉండేది. దాని కాళ్ళ దగ్గర కూచునేదానివి. ముట్టుకునేదానివి కాదు, లేచిపోద్దని. రోజూ అంతే. నేను నిద్దరోయినట్టు పడుకుని చూసేదాన్ని. ఎన్నాళ్ళు చూస్తానే? నేనూ మనిషినేగా." దుప్పటి సర్దుకుంది. "నువ్వు మూకుట్లో పోస్తంటే చూశా. అరుద్దామని నోరు తెరిచా. మూసుకున్నా."

"ఎందుకు?"

"నీ చేతులు నల్లబడాలని."

"మరి ఆ తలనొప్పి?"

"తలకాయ నొప్పా? నా జన్మలో ఎరగను."

అప్పుడు అడిగాను, మామూలు మాటల్లో, వెటకారం లేకుండా. "తప్పుగా అన్నాను వదినా. క్షమించండి."

"సరేలే. కాళ్ళు చల్లగా ఉన్నయ్యి, ఈ దుప్పటి కిందికి లాగు" అంది. లాగాను. కాళ్ళ దగ్గరే కూర్చున్నాను. కొంచెం సేపయ్యాక కళ్ళు మూసుకునే, "మూకుడు ఉందా పారేశావా?" అంది.

ఉందని చెప్పాను. ఇప్పటికీ అందులోనే పోపు వేస్తున్నాను.

అందుకే మంగళవారం నాడు నేను కాఫీ పూర్తిగా తాగగలిగాను. నాలుగు నెలలు ఆలస్యం చేసి ఉంటే ఆ కాఫీ గొంతు దిగేది కాదు.

సమాధి దగ్గర అందరూ ఆ చేతులు చూశారు. వయసుకి ముడతలు పడి, గోళ్ళు ఎప్పుడో తెల్లబడి, వేళ్ళ మడతల్లో మాత్రం ఎక్కడో సన్నటి నలుపు గీతలు మిగిలి ఉన్నాయి. కాని కళ్ళు మూసుకుంటే నాకు కనపడే చేతులు అవి కావు.

సీబ్ విమానాశ్రయం, ఈస్టర్ తర్వాతి బుధవారం. ట్రంకుపెట్టె తేలిగ్గా ఉంది. గౌన్లన్నీ ఆ పొద్దున తనే తీసి బీరువాలో పెట్టింది. రెండో టిక్కెట్టు వాపసు ఇవ్వడానికి మా ఆయన జేబులో ఉంది. పాప ఏడుస్తోంది. గుక్కపెట్టి ఏడుస్తోంది, "అమ్మా, అమ్మా" అని. అయినా నా చూపుడువేలు వదల్లేదు. గోరు రుద్దుతూనే ఉంది. వదిన దాని నెత్తిన ఒకసారి చెయ్యి పెట్టి, నాకేమీ చెప్పకుండా లోపలికి నడిచింది. కొంగు మూలలో ఒక నల్ల గుడ్డు ముడేసుకుని ఉంది, నడుం దగ్గర ఉబ్బెత్తుగా. తిరిగి చూస్తే ఆగిపోతానని తెలుసేమో, తిరగలేదు. తలుపు దాటేదాకా చెయ్యి మాత్రం వీపు వెనక్కి పెట్టి, ఆ నల్లటి వేళ్ళు అయిదూ మా వైపు ఊపుతూ వెళ్ళింది.